మడ ఆకులోని శిలీంధ్రం: ఒక సంవాదం

వాది: కండలేరు సముద్రంలో కలిసే కృష్ణపట్నం ఉప్పుటేటి ఒడ్డున పెరిగే మడచెట్టు ఆకు ఎంత పచ్చగా కనిపించినా, దానిలో ఉన్నది ఒక్క చెట్టు ప్రాణం మాత్రమే కాదు; కణాల నడుమ సందుల్లో సన్నని పోగులుగా అల్లుకొని, ఆకుకు పైకి ఏ తెగులూ కలిగించకుండా బ్రతికే శిలీంధ్రాలు, అంటే బూజుకూ పుట్టగొడుగుకూ బంధువులైన జీవులు, అందులో కాపురముంటాయి. 1866లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ వాడిన ఎండోఫైట్ అనే మాట తరువాతి కాలంలో ఈ జీవులకు పేరుగా స్థిరపడింది. తెలుగులో వాటిని అంతర్వాసులు అనవచ్చు. ఆకును కడిగి, ఆల్కహాలులోనూ బ్లీచింగ్ ద్రవంలోనూ ముంచి, పైనున్న సూక్ష్మజీవులన్నిటినీ చంపి, చిన్న ముక్కలుగా కోసి, బంగాళాదుంప రసంతో చేసి గడ్డకట్టించిన పోషక పదార్థం మీద ఉంచితే, కొద్ది రోజులకు ఆ ముక్కల అంచుల నుంచి తెల్లని పోగులు బయటికి పాకుతాయి. అలా బయటపడిన శిలీంధ్రం తన ఎదుగుదలకు నేరుగా అవసరం లేకపోయినా, శత్రువును తరమడానికో పొరుగును అదుపులో పెట్టడానికో తయారుచేసుకొనే రసాయనాలను ద్వితీయ జీవక్రియా పదార్థాలు అంటారు. పెన్సిలిన్ ఆ కోవలోనిదే. ఉప్పు, ఎండ, ఆటుపోట్లు, ఆకు తినే పురుగు, కుళ్ళబెట్టే బాక్టీరియా అన్నీ ఒక్కసారే మీద పడే మడ అడవిలో బ్రతికే శిలీంధ్రం దగ్గర ఇటువంటి రసాయనాలు దండిగా ఉంటాయని ఆశించడం సహేతుకం. భూమి మీద 22 లక్షల నుంచి 38 లక్షల శిలీంధ్ర జాతులు ఉండవచ్చని 2017లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. ఇప్పటికి పేరు పెట్టగలిగినవి దాదాపు లక్షన్నర. దక్షిణాన తమిళనాడు పిచ్చావరంలో ఉప్పుపొన్న అనే మడ జాతి ఆకుల్లోని శిలీంధ్రాల మీద టి.ఎస్. సూర్యనారాయణన్ బృందం 1998లోనే అధ్యయనం ప్రచురించింది. ఉత్తరాన కృష్ణా, గోదావరి డెల్టాల మడ అడవుల్లోని శిలీంధ్రాలను వి.వి. శర్మ, బి.పి.ఆర్. విఠల్ విస్తారంగా సర్వే చేశారు. ఆ రెంటి నడుమ ఉన్న ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరం, 169 కిలోమీటర్ల పొడవునా, మందుల అన్వేషణకు తగిన చోటు.

ప్రతివాది: పేరు పెట్టని జీవులు ఎన్ని ఉన్నా, వాటి సంఖ్యను బట్టి బయటపడని మందులను లెక్కవేయడం కుదరదు. ఈ శాస్త్రశాఖకు ఇంత పేరు తెచ్చిన కథే దానికి ముందుగా సాక్ష్యం చెబుతుంది. పసిఫిక్ యూ అనే అమెరికా చెట్టు బెరడులోని టాక్సాల్ అనే పదార్థపు నిర్మాణాన్ని 1971లో మన్రో వాల్, మన్‌సుఖ్ వాణి వెల్లడించారు. కేన్సర్ కణం రెండుగా చీలకుండా అడ్డుకొనే ఆ మందుకు 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది కాబట్టి, 1993లో ఆ చెట్టు లోపల దొరికిన ఒక శిలీంధ్రం కూడా టాక్సాల్ తయారుచేస్తున్నదని స్టీర్ల్, స్ట్రోబెల్ బృందం ప్రకటించగానే ప్రపంచం ఆనందించింది. ఆ శిలీంధ్రం ఇచ్చినది లీటరు ద్రవానికి 24 నుంచి 50 నానోగ్రాములు మాత్రమే. గ్రాములో వందకోట్లవ వంతును నానోగ్రాము అంటారు కాబట్టి, ఒక్క గ్రాము మందు చేతికి రావాలంటే ఎంత తక్కువ వేసుకున్నా రెండు కోట్ల లీటర్ల శిలీంధ్ర ద్రవం పెంచవలసి ఉంటుంది. పరిమాణం చిన్నదైనా పెంచుకోవచ్చునన్న ఆశతో ఎన్నో దేశాలలో ఎన్నో చెట్ల నుంచి ఇటువంటి శిలీంధ్రాలను తీశారు. చివరకు 2013లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఆ తొలి శిలీంధ్రంతో సహా కొన్నిటిని తీసుకొని జన్యువుల స్థాయిలో వెతికితే, టాక్సాల్‌ను కట్టడానికి అవసరమైన జన్యువులు వాటిలో కనిపించలేదు. ఈనాడు ఆస్పత్రులకు చేరే టాక్సాల్ యూ జాతి చెట్ల ఆకుల్లోని ఒక పూర్వ పదార్థాన్ని రసాయనికంగా మార్చడం వల్లనో, యూ కణాలను తొట్లలో పెంచడం వల్లనో వస్తున్నది తప్ప, శిలీంధ్రం వల్ల కాదు. ఇరవై ఏళ్ళ శ్రమ ఫలితం అది.

వాది: ఆ విషయంలో ప్రతివాది మాటను కాదనడానికి వీలు లేదు, చెట్టు చేసేదే తానూ చేస్తుందని శిలీంధ్రానికి లేని గొప్ప అంటగట్టడం ఈ శాస్త్రం చేసిన పెద్ద పొరపాటు. అయితే పొరపాటు పడింది వెతికే పనిలో కాదు, వెతికిన వస్తువులో. చెట్టు మందును శిలీంధ్రంలో వెతకడం మాని శిలీంధ్రపు సొంత రసాయనాన్ని వెతికినచోట ఫలితం వచ్చింది. స్పెయిన్‌లో జునిపర్ చెట్టు ఆకుల లోపల దొరికిన హార్మోనీమా అనే అంతర్వాసి శిలీంధ్రం తయారుచేసే ఎన్‌ఫ్యూమాఫంగిన్ అనే పదార్థాన్ని 2000లో వెల్లడించారు. అది ఇతర శిలీంధ్రాల కణాలకు గోడ కట్టే ఎంజైమును, అంటే రసాయన చర్యను నడిపే ప్రొటీనును, అడ్డుకుంటుంది. దాన్ని కొంత మార్చి తయారుచేసిన ఇబ్రెక్సాఫంజెర్ప్ అనే మాత్రకు, కాండిడా అనే శిలీంధ్రం వల్ల స్త్రీలకు వచ్చే యోని వ్యాధికి చికిత్సగా, 2021 జూన్‌లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. ఒక ఆకులోని శిలీంధ్రం మనిషికి మందైన ఈ ఉదాహరణ ఒక్కటే అయినా గట్టిది.

అంతకన్నా గట్టి నిరూపణ ఒకటి నెల్లూరు కాలువ గట్ల మీదే పెరుగుతున్నది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఇక్కడి చెరువులకూ కాలువలకూ పట్టిన లొట్టపీసు మొక్కను గొర్రెలు, మేకలు మామూలుగా ముట్టవు; కరువు రోజుల్లో పచ్చిక దొరక్క కొన్నాళ్ళపాటు తిన్నవి తూలుతూ, చిక్కిపోయి చనిపోతాయి. ఆ విషం పేరు స్వైన్‌సోనిన్. దాన్ని మొక్కే తయారుచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆ మొక్కలో విత్తనం ద్వారా తరం నుంచి తరానికి సాగే ఒక శిలీంధ్రాన్ని గుర్తించి, విషాన్ని తయారుచేసేది అదేనని చూపారు. శిలీంధ్రం లేని మొక్కలో విషం లేదు. తరువాత ఆ విషాన్ని కట్టే జన్యువుల గుచ్ఛం కూడా దొరికింది. టాక్సాల్ కథలో దొరకని రుజువు గొర్రెల కాపరి ఎరిగిన ఈ కలుపు మొక్కలో దొరికింది.

ప్రతివాది: రుజువు దొరికిన మాట నిజమే, అది మెచ్చుకోదగినదే, కానీ ఆ రుజువు నిరూపించినది ఒక విషాన్ని. అదే స్వైన్‌సోనిన్‌ను మూత్రపిండాల కేన్సర్ రోగులకు ఇచ్చి పరీక్షించారు, అది ఫలించలేదు. జునిపర్ మాత్ర విషయానికి వస్తే, పదార్థం వెల్లడి కావడానికీ మాత్ర అనుమతి పొందడానికీ మధ్య గడిచినవి 21 ఏళ్ళు. పెద్ద ఔషధ సంస్థల శ్రమ, ఖర్చు వెనుక లేకపోతే అది ఆ ఒడ్డుకు చేరేది కాదు. నెల్లూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వంటి చోట ఒక విద్యార్థి మడ ఆకు నుంచి శిలీంధ్రాన్ని వేరుచేసి, దాని రసం నాలుగు బాక్టీరియాలను చంపుతుందని చూపి, వ్యాసం ప్రచురించడం సులువు. అటువంటి వ్యాసాలు మన దేశంలోనూ చైనాలోనూ కుప్పలుగా వచ్చాయి. గాజు పళ్ళెంలో బాక్టీరియాను చంపే పని ఉప్పు కూడా చేస్తుంది; మనిషి రక్తంలో, అతని కాలేయానికి హాని కలగకుండా, సరైన మోతాదులో ఆ పని చేయడమే మందు. ఆ రెంటి నడుమ ఉన్న దూరాన్ని చెప్పకుండా కుర్రవాళ్ళకు ఆశ పెట్టడం న్యాయం కాదు.

మరొక మాట కూడా ఉంది. మైపాడు ఇసుకలో ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు నుంచి రక్తకేన్సర్ మందులైన విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వస్తాయి; ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు 500 కిలోల ఎండు ఆకు, ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కు 2000 కిలోలకు పైగా కావాలి. ఆ మొక్కలోని శిలీంధ్రమే వాటిని తయారుచేస్తుందన్న వాదం కూడా వచ్చింది. కొరతకు కొత్త దారి చూపింది మాత్రం ఆ శిలీంధ్రం కాదు. 2022లో శాస్త్రజ్ఞులు రొట్టెను పొంగించే ఈస్టులో ముప్పైకి పైగా రసాయన మెట్లను జన్యువులుగా అమర్చి, విన్‌బ్లాస్టిన్‌కు కావలసిన రెండు భాగాలను తయారుచేయించారు. అడవికి వెళ్ళకుండానే ప్రయోగశాలలో మందు కట్టే కాలం వస్తుంటే, ఉప్పుటేళ్ళలో బురద తొక్కవలసిన అవసరమేమిటి?

వాది: ఈస్టు తనకు తెలిసిన పదార్థాన్నే మళ్ళీ కట్టగలదు, తెలియని పదార్థాన్ని ఊహించలేదు. విన్‌బ్లాస్టిన్ అనేది ఒకటి ఉందని 1958 ప్రాంతంలో కెనడాలో ఎవరో బిళ్ళగన్నేరు ఆకును నూరి చూశారు కాబట్టే, 2022లో ఈస్టుకు నేర్పడానికి ఒక పాఠం ఉన్నది. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనను నడిపిన లెడర్లీ సంస్థలో బెంజమిన్ డుగ్గర్ ఎన్నో ప్రాంతాల మట్టి నమూనాలను తెప్పించి పరీక్షిస్తేనే, మిస్సోరిలోని ఒక పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, 1948లో వెల్లడైన ఆరియోమైసిన్ అనే మందు దొరికింది. ఆ సూక్ష్మజీవి శిలీంధ్రం కాదు, పోగులుగా పెరిగే బాక్టీరియా. అయినా పాఠం ఒకటే. ఏ మట్టిలో ఉందో ముందుగా తెలిసి ఎవరూ తవ్వలేదు.

ఆకులో ఉండే శిలీంధ్రం తన దగ్గరున్న జన్యువులన్నిటినీ పళ్ళెంలో ఉపయోగించదు; దాని జన్యుసంపదను చదివినప్పుడు, రసాయనాలను కట్టగల గుచ్ఛాలు చాలా కనిపిస్తాయి, వాటిలో పెద్ద భాగం మౌనంగా ఉంటుంది. పోషకాన్ని మార్చి, ఉప్పును పెంచి, వెలుగు తగ్గించి, మరొక సూక్ష్మజీవిని పక్కన పెంచి ఒకే శిలీంధ్రం చేత వేర్వేరు పదార్థాలు తయారుచేయించవచ్చునని జర్మనీలో చూపి రెండు దశాబ్దాలు దాటింది. అందుకు పెద్ద యంత్రాలకన్నా ఓపిక ఎక్కువ కావాలి. ఆ ఓపిక నెల్లూరులోనూ దొరుకుతుంది.

ప్రతివాది: మౌనం గురించిన ఆ మాటే ఈ పక్షానికి బలమిస్తుంది. చైనా చెట్టులో మొదట దొరికి, పడమటి కనుమల చెట్టులోనూ ఉన్న కాంప్టోథెసిన్ అనే కేన్సర్ నిరోధక పదార్థాన్ని తయారుచేసే అంతర్వాసి శిలీంధ్రాలు దొరికాయని 2005 నుంచి వార్తలు వచ్చాయి. పళ్ళెం నుంచి పళ్ళేనికి మార్చేకొద్దీ ఆ శిలీంధ్రాల దిగుబడి తగ్గిపోయింది. ఎందుకో అటువంటి ఒక శిలీంధ్రం మీద 2011లో ఒక అధ్యయనం చెప్పింది: దాని దగ్గర కొన్ని మెట్ల జన్యువులు ఉన్నాయి కానీ, నడుమ ఉండవలసిన ఒక ముఖ్యమైన ఎంజైము లేదు, ఆ ఎంజైమును చెట్టు నుంచి తీసుకుంటున్నది. అంటే ఆ పదార్థం శిలీంధ్రానిది కాదు, చెట్టుదీ కాదు, ఇద్దరి కాపురానిది. కాపురాన్ని విడదీసి ఒకరిని తొట్టిలో పెట్టి దిగుబడి అడగడంలోనే పొరపాటు ఉంది. ఆకును కాపాడితే ఆ కాపురం సాగుతుంది. ఆకు లేకపోతే ప్రయోగశాల గాజుగొట్టంలో నిద్రపోతున్న శిలీంధ్రానికి ఏమి చేయాలో తెలియదు.

ఇంకొకటి. పిచ్చావరం ఉప్పుపొన్న మీద సూర్యనారాయణన్ బృందం 2002లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, లేత ఆకు, ముదురు ఆకు, రాలబోయే ఆకు అనే మూడు దశల్లో అంతర్వాసులు మారుతూ ఉంటాయి. ఆకు రాలిన తరువాత దాన్ని కుళ్ళబెట్టే పని లోపలున్న ఈ శిలీంధ్రాల నుంచే మొదలవుతుంది. అలా కుళ్ళిన ఆకు పీతకూ రొయ్య పిల్లకూ చేప పిల్లకూ తిండి. కండలేరు ఉప్పుటేటిలో వల వేసేవారి బువ్వ ఆ బూజు చేతుల మీదుగా వస్తుంది. మడ శిలీంధ్రపు నిజమైన విలువ ఎక్కడున్నదని అడిగితే మొదటి జవాబు అదే. మాత్రల గురించిన ప్రశ్న ఆ తరువాతిది.

వాది: ఆ జవాబును కాదనడం సాధ్యం కాదు, కాదనవలసిన పని కూడా లేదు; మడ అడవి పోతే వెతకడానికే ఏమీ మిగలదు. అయితే మాత్ర కాకుండా మరొక ప్రయోజనం కూడా ఉంది, అది తీరపు రైతుకు చెందినది. అమెరికా వాయవ్య తీరపు ఇసుక దిబ్బల మీద పెరిగే ఒక గడ్డి ఉప్పును ఓర్చుకొనేది తన శక్తితో కాదనీ, లోపలున్న శిలీంధ్రం వల్లననీ 2008లో రోడ్రిగెజ్, రెడ్మన్ బృందం చూపింది. ఆ శిలీంధ్రాన్ని తీసివేస్తే గడ్డి ఉప్పుకు తట్టుకోలేదు, దాన్ని వరికి ఇస్తే వరి ఉప్పును ఎక్కువగా ఓర్చుకున్నది. నెల్లూరు వరికి పేరున్న నేల. మొలగొలుకుల కాలం నుంచీ, ఇక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం అగ్గి తెగులుకు తట్టుకొనే ఎన్‌ఎల్‌ఆర్ 34449 అనే నెల్లూరు మసూరిని ఇచ్చేవరకూ ఆ పేరు నిలిచింది. 1990ల నుంచి రొయ్యల చెరువులు విస్తరించిన చోట్ల పక్క పొలాలకు ఉప్పు ఊరి వరి తగ్గిపోయిన ఊళ్ళు తీరం పొడవునా ఉన్నాయి. ఇలకూర, మడ, ఇసుకదిబ్బల గడ్డి ఉప్పులోనే బ్రతుకుతున్నాయి. వాటి లోపలి శిలీంధ్రాలు వరి నారుకు ఏమి ఇవ్వగలవో చూడకపోవడం తప్పు.

ప్రతివాది: ఆ ఇసుకదిబ్బల గడ్డిలో దొరికిన శిలీంధ్రం పేరు ఫ్యూజేరియం కల్మోరం అని కూడా చెప్పవలసింది. గోధుమ కంకికి తెగులు తెచ్చి, గింజలో విషం నింపే జాతి అదే. ఒక గడ్డిలో కాపరి అయినది మరొక పంటలో దొంగ కావచ్చు. కాపురంలో ఒకరికి మేలు చేసే రసాయనం మూడో ప్రాణికి కీడు చేయవచ్చు. అమెరికాలో ఫెస్క్యూ అనే గడ్డిని పశువులకు ఎంతో ఇష్టంగా వేయగా, ఎండకు తాళలేక, తోకలూ చెవులూ కుళ్ళి పశువులు బాధపడుతుంటే, 1977లో ఆ గడ్డిలోని అంతర్వాసి శిలీంధ్రమే కారణమని తేలింది. నెల్లూరు గొర్రెకు పుట్టిల్లయిన చోట, ఒంగోలు జాతి ఆవు నెలోర్ అనే పేరుతో బ్రెజిల్ దాకా వెళ్ళిన చోట, గడ్డిలోకీ గడ్డివాములోకీ శిలీంధ్రాన్ని పంపే ముందు ఎంత జాగ్రత్త పడినా చాలదు.

వాది: ఆ ఫెస్క్యూ కథకు రెండో భాగం కూడా ఉంది. పశువుకు హాని చేసే రసాయనం లేకుండా, పురుగును మాత్రం తరిమే శిలీంధ్ర రకాలను వెతికి పట్టి, వాటిని గడ్డి విత్తనంలో ఎక్కించి న్యూజిలాండ్ రైతులకు అమ్ముతున్నారు. అక్కడ రైతు విత్తనం కొనేటప్పుడు గడ్డి రకంతోపాటు లోపలున్న శిలీంధ్రపు రకాన్ని కూడా అడుగుతాడు. వెతకడం మానినందువల్ల కాదు, మరింత జాగ్రత్తగా వెతికినందువల్ల ఆ పరిష్కారం దొరికింది. ప్రతివాది భయం సరైనదే, కానీ దానికి మందు కూడా పరిశోధనే.

ప్రతివాది: ఒప్పుకోవలసిన మాటే. అయితే ఆ పరిశోధన ఎవరి చేతిలో, ఎవరి అనుమతితో జరుగుతుందన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. తీరపు మొక్కలను పేరుపేరునా ఎరిగినవారు యానాదులు. ఏ ఆకు పాము కాటుకు, ఏ బెరడు పుండుకు అని తరతరాలుగా ఎరిగిన ఆ ప్రజలలో చాలామంది శ్రీహరికోట దీవిలో ఉండేవారు. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు వారి కాపురాలు చెదిరాయి. ఏ మొక్కలో వెతకాలో ఒక యానాది వైద్యుడు చెబితే, ఆ మొక్కలోని శిలీంధ్రం నుంచి పేటెంటు వచ్చినప్పుడు, మొక్క కాదు, శిలీంధ్రమే మూలం అని చెప్పి అతని వాటా తీసివేయడం తేలిక.  శిలీంధ్రం కంటికి కనపడదు కాబట్టి, దాని తోవ చూపినవాడు కూడా కంటికి కనపడకుండా పోతాడు.

వాది: చట్టం ఆ సందు మూసే ప్రయత్నం చేసింది. 2002 జీవవైవిధ్య చట్టం జీవవనరు అనే మాటలో మొక్కలతోపాటు సూక్ష్మజీవులను కూడా చేర్చింది. జీవవనరుల ఆధారంగా పేటెంటు కోరేవారు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి పొందాలన్నది. స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలని, వాటి దగ్గర ప్రజల జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలని నిర్దేశించింది. కానీ రిజిస్టరులో చెట్టు పేరు రాసే అలవాటు ఉన్నదే తప్ప, చెట్టు లోపలి శిలీంధ్రాన్ని రాసే అలవాటు లేదు. అక్కడ ప్రతివాది చెప్పిన లోపం నిజంగానే ఉన్నది.

ప్రతివాది: లోపం ఉన్నదని ఇద్దరూ ఒప్పుకున్నచోట పని మొదలు కావచ్చు. మందు వస్తుందా, వరికి ఉప్పు ఓర్పు వస్తుందా అన్న వాదం ఈ సంభాషణలో తేలేది కాదు. తేలవలసింది ఉప్పుటేటి ఒడ్డున, అది కూడా మడచెట్టు అక్కడ నిలిచి ఉన్నంతకాలమే. అందువల్ల ఒక విన్నపం. నెల్లూరు తీరం నుంచి ఏ శిలీంధ్రాన్ని వేరుచేసినా, అది పరిశోధకుడి ఫ్రిజ్‌లో పేరు లేకుండా చచ్చిపోకుండా, పుణెలోని అగార్కర్ పరిశోధనా సంస్థలో ఉన్న జాతీయ శిలీంధ్ర సేకరణకో, చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల సేకరణకో చేర్చండి. దాని సంఖ్య పక్కన చెట్టు పేరు, ఉప్పుటేటి పేరు, ఊరి పేరు, తోవ చూపినవారి సమ్మతితో వారి సమాజం పేరు తెలుగులో కూడా రాయండి.

వాది: ఆ విన్నపంలో ఈ పక్షం కూడా చేరుతున్నది.